పాతకాలపు కార్ల ఇంజిన్ ఆయిల్: రకాలు, లక్షణాలు, ఎంపిక

నిర్వచనం

నేటి ఆయిల్ ప్రమాణాలు పుట్టకముందు తయారైన పెట్రోలు ఇంజిన్లలో కందెనగా వాడే నూనెను ఈ వ్యాసంలో పాతకాలపు కారు ఇంజిన్ ఆయిల్ అంటున్నాం. కదిలే లోహభాగాల మధ్య పొరగా నిలిచి రాపిడిని తగ్గించడం దాని మొదటి పని. పిస్టన్ల నుంచీ బేరింగుల నుంచీ వేడిని చాంబరులోకి (ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టిలోకి) మోసుకురావడం, పిస్టన్ రింగులకూ సిలిండరు గోడకూ మధ్య ఉన్న సందును మూయడం, మసినీ ఆమ్లాలనూ తనలో కలుపుకోవడం, తుప్పు పట్టకుండా కాపాడటం మిగతా పనులు. ఏ కాలపు ఇంజిన్‌కైనా ఈ పనులు ఒకటే, నిర్మాణంలోనే తేడా ఉంది. పాత ఇంజిన్లలో బేరింగు సందులు ఎక్కువ. వాల్వులను లేపే ట్యాపెట్లు తమను నెట్టే క్యామ్ మీద నేరుగా ఒరుసుకుంటాయి. వెనక సీళ్ళు తాడుతోనో ఫెల్టుతోనో చేసి ఉంటాయి. కొన్నిటికి ఆయిల్ ఫిల్టరే ఉండదు. అందుచేత దుకాణంలో దొరికే అన్నిటికన్నా కొత్తదీ ఖరీదైనదీ అయిన ఆయిలే మంచిదనే లెక్క ఈ ఇంజిన్లకు చెల్లదు.

‘వింటేజ్’ మాటకు అన్నిచోట్లా ఒకే హద్దు లేదు. బ్రిటన్ సంప్రదాయంలో 1919 నుంచి 1930 చివరి వరకు తయారైన కార్లే వింటేజ్, తర్వాతివాటికి వేరే పేర్లున్నాయి. భారతదేశంలో 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల సొంత వాహనాలు వింటేజ్ కిందికి వస్తాయి. వాటి నంబరులో ‘వి.ఎ.’ అక్షరాలుంటాయి. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, మరమ్మతు, ఇంధనం నింపుకోవడం వంటి అవసరాలకే వాటిని రోడ్డెక్కించాలి. రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి అనుమతి లేదు. ఆయిల్ ఎంపికకు మాత్రం చట్టం చెప్పే వయసు కంటే ఇంజిన్ రూపకల్పన ముఖ్యం. 1980లలో అమ్మిన అంబాసిడర్‌లో ఉన్నది 1950ల నాటి ఇంజినే కాబట్టి, అలాంటి కార్లు కూడా ఈ వ్యాసం పరిధిలోకి వస్తాయి.

చరిత్ర

తొలి మోటారు వాహనాల్లో ఖనిజ నూనెతోపాటు వృక్ష నూనెలూ వాడారు. వాటిలో ఆముదానిది ప్రత్యేక స్థానం. ఎక్కువ వేడిలోనూ దాని పొర తెగదు, పెట్రోలులో అది సులభంగా కరగదు. మొదటి ప్రపంచయుద్ధ కాలపు రోటరీ విమాన ఇంజిన్లలో ఈ గుణాల వల్లే దాన్ని వాడారు. 1899లో లండన్‌లో మొదలైన వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో తన ఆయిల్‌కు పెట్టిన ‘క్యాస్ట్రాల్’ అనే పేరులో ఆముదం ఆంగ్లనామం ఇమిడి ఉంది. ఆముదానికున్న లోపాలు గట్టివే: గాలి తగిలి చిక్కబడుతుంది, రింగుల మీద లక్కలాంటి పూత కడుతుంది, ఖనిజ నూనెతో సరిగ్గా కలవదు. అందుకే రేసింగు ఇంజిన్లలో తప్ప మిగతాచోట్ల దాని వాడకం తగ్గిపోయింది.

అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం (ఎస్.ఎ.ఇ.) 1911లో ఆయిళ్ళకు తొలి నిర్దేశాన్ని ప్రకటించింది. చిక్కదనాన్ని సంఖ్యలతో సూచించే పద్ధతి 1920లలో స్థిరపడింది. ‘ఎస్.ఎ.ఇ. 30’, ‘ఎస్.ఎ.ఇ. 40’ అనే గుర్తులు అలా వచ్చాయి. చలికాలపు గ్రేడ్లను సూచించే ‘డబ్ల్యూ’ అక్షరం ఆ తర్వాత చేరింది. 1950లలో మల్టీగ్రేడ్ ఆయిళ్ళు బజారుకు వచ్చాయి. 1959లో విడుదలైన బ్రిటిష్ మినీ కారులో ఇంజిన్, గేర్‌బాక్సు ఒకే ఆయిల్‌తో నడుస్తాయి. గేరు పళ్ళ మధ్య నలిగినా చిక్కదనం కోల్పోని ఆయిల్ దానికి కావలసివచ్చింది. డక్‌హామ్స్ 20డబ్ల్యూ-50 ఆ అవసరంతో వచ్చి 1960లలో పేరు పొందింది. 1968లో క్యాస్ట్రాల్ జి.టి.ఎక్స్. వచ్చింది.

రసాయన చేర్పుల చరిత్ర దీనికి సమాంతరంగా సాగింది. జింకు, ఫాస్ఫరస్, గంధకం కలిసిన జింక్ డయాల్కైల్ డైథయోఫాస్ఫేట్ (జడ్.డి.డి.పి.) 1940లలో ఆయిళ్ళలోకి వచ్చింది. బేరింగులు తినిపోకుండా, నూనె గాలికి చెడిపోకుండా చూడటానికి మొదట దాన్ని కలిపారు. ట్యాపెట్లను అరుగుదల నుంచి అది కాపాడుతుందన్న సంగతి 1950లలో ఇంజిన్ల శక్తి, వాల్వు స్ప్రింగుల బలం పెరిగాకే స్పష్టమైంది. 1975 మోడలు సంవత్సరం నుంచి అమెరికా కార్లలో కెటలిటిక్ కన్వర్టర్లు అమర్చసాగారు. ఆయిల్‌లోని ఫాస్ఫరస్ పొగతోపాటు కన్వర్టరు చేరి దాన్ని నిర్వీర్యం చేస్తుంది. ఫలితంగా తర్వాతి ప్రమాణాలు ఫాస్ఫరస్‌ను మెట్లు మెట్లుగా తగ్గించుకుంటూ వచ్చాయి. పాత ఇంజిన్ల యజమానులకు నేడు ఎదురవుతున్న చిక్కుకు మూలం ఇదే.

ఆయిల్ పారే పద్ధతులు

ఆయిల్ ఎంపిక ఇంజిన్‌లో నూనె ఎలా తిరుగుతుందన్నదాన్ని బట్టి మారుతుంది. అతి సరళమైనది చిమ్ముడు పద్ధతి. 1908 నుంచి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ టి దీనికి మంచి ఉదాహరణ. అందులో ఆయిల్ పంపు లేదు. అయస్కాంతాలు బిగించిన ఫ్లైవీలు నూనెలో తిరుగుతూ దాన్ని పైకి చిమ్ముతుంది. ఆ చిమ్మిన నూనెలో కొంత సన్నని గొట్టంలో పడి ముందున్న టైమింగు గేర్లకు చేరుతుంది. వెనక్కి పారుతూ కనెక్టింగు రాడ్ల కింది చిన్న తొట్లను నింపుతుంది. రాడ్లు తిరిగేటప్పుడు ఆ తొట్లలో మునిగి లేస్తూ సిలిండరు గోడలను తడుపుతాయి. నూనె మట్టం చూసే కడ్డీ కూడా లేదు. కారు కింద, ఒకదాని పైన ఒకటిగా ఉన్న రెండు చిన్న కుళాయిలు తిప్పి చూడాలి. పై కుళాయి నుంచి కారితే మట్టం నిండుగా ఉన్నట్టు, కింది కుళాయి నుంచీ రాకపోతే ఇంజిన్ నడపకూడదన్నట్టు. గేర్లు మార్చే పట్టీలు కూడా ఈ నూనెలోనే పనిచేస్తాయి. ఇలాంటి ఇంజిన్‌లో మరీ చిక్కని ఆయిల్ పోస్తే అది గొట్టంలో చురుగ్గా పారదు, చల్లటి పొద్దున ముందు బేరింగుకు అందడం ఆలస్యమవుతుంది. పాతదానికి చిక్కనిదే మేలన్న నమ్మకం ఇక్కడ తలకిందులవుతుంది.

మధ్యరకం పద్ధతిలో చిన్న పంపు నూనెను పైకెత్తుతుంది, అక్కడి నుంచి అది సొంత బరువుతో కిందికి పారుతుంది. మోడల్ టి తర్వాత వచ్చిన ఫోర్డ్ మోడల్ ఎ ఈ తరహాది. మూడోది పూర్తి ఒత్తిడి పద్ధతి: పంపు క్రాంకుషాఫ్టులోని రంధ్రాల గుండా ప్రతి బేరింగుకూ నూనె పంపుతుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాతి కార్లలో ఎక్కువ ఇదే కనిపిస్తుంది.

ఫిల్టర్లలోనూ తరతమాలున్నాయి. తొలి కార్లలో చాంబరు జాలీ ఒక్కటే ఉండేది. తర్వాత పంపు నుంచి వచ్చే నూనెలో కొంత భాగాన్ని మాత్రమే వడకట్టే బైపాస్ ఫిల్టర్లు, ఆపైన మొత్తం నూనెను వడకట్టేవి వచ్చాయి. వీటిలో ఏది ఉందో తెలియకుండా, కింద వివరించే డిటర్జెంట్ ఆయిల్ సంగతి తేల్చలేం.

చిక్కదనం, గ్రేడ్లు

నూనె పారుదలను నిరోధించే గుణమే చిక్కదనం, శాస్త్రభాషలో స్నిగ్ధత. వేడెక్కితే అది బాగా పడిపోతుంది. సాధారణ ఎస్.ఎ.ఇ. 40 ఆయిల్ 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న చిక్కదనంలో 100 డిగ్రీలకు చేరేసరికి దాదాపు పదో వంతే మిగులుతుంది. ఎస్.ఎ.ఇ. జె300 ప్రమాణం 100 డిగ్రీల దగ్గరి కొలతను బట్టి గ్రేడు నిర్ణయిస్తుంది. 30 గ్రేడుకు 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40కి 12.5 నుంచి 16.3 లోపు, 50కి 16.3 నుంచి 21.9 లోపు ఉండాలి.

‘20డబ్ల్యూ-50’లో మొదటి సంఖ్య చలిలో ప్రవర్తనను చెబుతుంది. 20డబ్ల్యూ నూనెను సున్నాకు దిగువన 15 డిగ్రీల దగ్గర ఇంజిన్ తిరిగే తేలికకూ, 20 డిగ్రీల దగ్గర పంపు లాగగలగడానికీ పరీక్షిస్తారు. 15డబ్ల్యూకు ఈ హద్దులు మరో 5 డిగ్రీలు కిందికి ఉంటాయి. తెలుగు రాష్ట్రాల్లో అతి చల్లని చోట్లలో ఒకటైన లంబసింగిలోనూ పాదరసం సున్నా దగ్గరే ఆగుతుంది. అంటే మన వాతావరణంలో మొదటి సంఖ్య 20 అయితే ఏ కాలంలోనూ ఇబ్బంది లేదు. చిన్న సంఖ్య కోసం ఎక్కువ ధర పెట్టడం పాత ఇంజిన్ విషయంలో వృథా. రెంటచింతల, రామగుండం వంటిచోట్ల మే నెల ఎండలో, ట్రాఫిక్‌లో నిలిచిపోయిన కారుకు కావలసింది రెండో సంఖ్య బలం. మంచు దేశాల్లో పరిస్థితి వేరు. అక్కడ పాత కార్లను చలికాలమంతా షెడ్డులోనే ఉంచుతారు కాబట్టి, వేసవి గ్రేడుతో సరిపెట్టుకునేవారూ ఉన్నారు.

మల్టీగ్రేడ్ నూనెలో పల్చని మూలనూనెకు పాలిమర్లు కలుపుతారు. వేడికి అవి విచ్చుకుని చిక్కదనం పడిపోకుండా ఆపుతాయి. గేర్ల మధ్య, బేరింగుల్లో నలిగే కొద్దీ ఈ పాలిమర్లు తెగి గ్రేడు దిగజారుతుంది. రెండు సంఖ్యల మధ్య దూరం ఎక్కువైన కొద్దీ పాలిమర్ల అవసరం పెరుగుతుంది. ఈ కారణంగా 10డబ్ల్యూ-60 వంటి దూరపు గ్రేడ్ల కంటే 20డబ్ల్యూ-50, 15డబ్ల్యూ-40 పాత ఇంజిన్లకు నమ్మకమైనవి.

బేరింగులో నిజంగా పనికొచ్చే కొలత మరొకటి ఉంది. 150 డిగ్రీల వేడిలో, తీవ్రమైన కోతలో (నూనె పొరలు ఒకదానిపై ఒకటి వేగంగా జారే స్థితిలో) నిలిచే చిక్కదనం అది. 20డబ్ల్యూ-50, 15డబ్ల్యూ-40 గ్రేడ్లకు ఇది కనీసం 3.7 మిల్లీపాస్కల్-సెకండ్లు ఉండాలి. 30 గ్రేడుకు 2.9, 20 గ్రేడుకు 2.6 చాలు. నేటి కార్లకు సిఫారసు చేస్తున్న 0డబ్ల్యూ-20 ఆయిల్‌ను పాత ఇంజిన్‌లో పోయకూడదనడానికి ఈ అంకెలే సాక్ష్యం. పాత బేరింగు సందు మామూలుగా 50 నుంచి 75 మైక్రాన్లు ఉంటుంది, అరిగితే ఇంకా పెరుగుతుంది. పల్చటి నూనె ఆ సందులో నిలవక పక్కలకు కారిపోతుంది, మీటరులో ఒత్తిడి పడిపోతుంది.

అలాగని చిక్కదనం పెంచుకుంటూ పోవడమూ మందు కాదు. అరిగిన ఇంజిన్‌లో 60 గ్రేడు పోస్తే మీటరు ముల్లు పైకి లేస్తుంది, చప్పుడు తగ్గుతుంది. నూనె మాత్రం సన్నని దారుల్లో ఆలస్యంగా పారుతుంది, వేడిని సరిగ్గా మోయదు. ప్రతి 1,000 ఆర్.పి.ఎం.కు చదరపు అంగుళానికి సుమారు 10 పౌండ్ల ఒత్తిడి ఉంటే చాలన్నది మెకానిక్కుల్లో పాతుకుపోయిన లెక్క. బాగా వేడెక్కాక ఆ మాత్రం లేని ఇంజిన్ బోరుకు (విప్పి బాగుచేయించాల్సిన స్థితికి) వచ్చినట్టే. గ్రేడు పెంచి దాన్ని దాచడం యజమానికి మేలు చేయదు.

క్యామ్‌షాఫ్టు, ట్యాపెట్లు, జింకు

బేరింగులో షాఫ్టు నూనె పొర మీద తేలుతుంది, లోహానికి లోహం తగలదు. క్యామ్, ట్యాపెట్ల దగ్గర ఆ సుఖం లేదు. క్యామ్ ముక్కు సన్నని గీతలా ట్యాపెట్ ముఖాన్ని తాకుతూ జారుతుంది, దాని మీద వాల్వు స్ప్రింగు బలమంతా పడుతుంది. ఇంజిన్ మొత్తంలో అతి ఎక్కువ ఒత్తిడి పడే చోట్లలో ఇదొకటి. నూనె పొర అక్కడ తెగిపోతుంది. ఆ క్షణంలో కాపాడేది జడ్.డి.డి.పి. వేడి, ఒత్తిడి కలిసిన చోట అది విడిపోయి, లోహం మీద గాజులాంటి ఫాస్ఫేట్ పొర కడుతుంది. దాని మందం నానోమీటర్లలో ఉంటుంది. రాపిడికి లోహం బదులు ఆ పొర అరుగుతుంది, మళ్ళీ కొత్తది కడుతుంది.

1980ల మధ్య నుంచి తయారీదారులు జారే ట్యాపెట్ల స్థానంలో రోలర్ ట్యాపెట్లను, రోలర్ రాకర్లను తేసాగారు. రాపిడి తగ్గడంతో అంత ఫాస్ఫరస్ అక్కర లేకపోయింది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఎ.పి.ఐ.) పెట్రోలు ఇంజిన్ల ఆయిళ్ళకు పెట్టిన ఎస్‌జె, ఎస్‌ఎల్ వర్గాల్లో ఇంధనం ఆదా చేసే పల్చటి గ్రేడ్లకు ఫాస్ఫరస్ హద్దు 0.10 శాతం. 2004లో వచ్చిన ఎస్‌ఎం, 2010 నాటి ఎస్‌ఎన్, 2020 నాటి ఎస్‌పి వర్గాల్లో అది 0.06 నుంచి 0.08 శాతం. ఇక్కడ చాలామంది గమనించని ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ పై హద్దు 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 వంటి గ్రేడ్లకే వర్తిస్తుంది. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50లకు అది లేదు. కాబట్టి కొత్త అక్షరాలున్న ప్రతి ఆయిలూ పాత క్యామ్‌ను తినేస్తుందన్న భయం సరైంది కాదు. డబ్బా మీది గ్రేడు చూడాలి, వీలైతే కంపెనీ ప్రకటించే సాంకేతిక పత్రంలో జింకు, ఫాస్ఫరస్ శాతాలూ చూడాలి. పాత కార్ల కోసం ప్రత్యేకంగా తయారుచేసే ఆయిళ్ళలో ఫాస్ఫరస్ ఎక్కువగా 0.10 నుంచి 0.14 శాతం మధ్య ఉంటుంది.

అన్ని పాత ఇంజిన్లకూ జింకు అవసరం సమానం కాదు. 1920, 1930ల నాటి పక్కవాల్వు ఇంజిన్లలో స్ప్రింగులు మెత్తనివి, వేగం తక్కువ. జడ్.డి.డి.పి. పుట్టకముందే అవి దశాబ్దాలు నడిచాయి. 1950ల చివరి నుంచి 1970ల దాకా వచ్చిన ఓవర్‌హెడ్ వాల్వు ఇంజిన్లకు, ముఖ్యంగా బలమైన స్ప్రింగులు వేసిన అమెరికన్ వి-8లకు అది బాగా కావాలి. కొత్తగా వేసిన క్యామ్‌షాఫ్టుకు మరీ అవసరం. బోరు చేయించి కొత్త క్యామ్ వేశాక మొదటి స్టార్టింగులోనే ఇంజిన్‌ను ఐడిల్‌లో వదలకుండా 1,500 నుంచి 2,500 ఆర్.పి.ఎం. మధ్య 20, 30 నిమిషాలు నడపాలి. నెమ్మది వేగంలో క్యామ్ మీదికి చిమ్మే నూనె చాలదు. ఆ అరగంటలోనే ట్యాపెట్ ముఖం నున్నబడి కుదురుకుంటుంది, లేదా గీతలు పడి పాడవుతుంది.

విడిగా సీసాల్లో అమ్మే జింకు మందును మామూలు ఆయిల్‌లో కలపడం వివాదాస్పదం. ఆయిల్‌లోని డిటర్జెంట్లు, జింకు లోహపు ఉపరితలం కోసం పోటీపడతాయి, వాటి పాళ్ళను తయారీదారు లెక్కకట్టి కుదురుస్తాడు. పైనుంచి కలిపితే ఆ లెక్క తప్పుతుంది. ఫాస్ఫరస్ 0.2 శాతం దగ్గరికి చేరితే ఇనుమునే తినడం మొదలుపెట్టి, క్యామ్ పెచ్చులూడవచ్చు. సరైన పాళ్ళతో తయారైన ఆయిల్ కొనడమే మంచి దారి.

డిటర్జెంట్ వివాదం

డిటర్జెంట్లు మసిని, మడ్డిని లోహానికి అంటుకోనివ్వకుండా చూస్తాయి. వాటికి తోడుగా కలిపే డిస్పర్సెంట్లు ఆ మురికిని నూనెలోనే సన్నని రేణువులుగా తేలేలా ఉంచుతాయి. ఫిల్టరు ఉన్న ఇంజిన్‌కు ఇది పూర్తిగా లాభమే. ఫిల్టరు లేని ఇంజిన్‌లో డిటర్జెంట్ లేని నూనె వాడితే మురికి చాంబరు అడుగున పేరుకుంటుంది, అప్పుడప్పుడు విప్పి గీకేయాలి. డిటర్జెంట్ నూనె వాడితే మురికి బేరింగుల గుండా తిరుగుతూనే ఉంటుంది కదా అన్నది ఒక పక్షం వాదన. తేలే రేణువులు నూనె పొర మందం కన్నా చాలా చిన్నవి, నూనె మార్చినప్పుడు వాటితోపాటే బయటికి పోతాయి, గడ్డకట్టిన మడ్డి కన్నా అవే నయమన్నది రెండో పక్షం. తరచుగా నూనె మార్చే యజమాని విషయంలో రెండో వాదనే బలమైనది.

నిజమైన ప్రమాదం హఠాత్తుగా మార్చడంలో ఉంది. దశాబ్దాలుగా పాత తరహా నూనెతో నడిచి లోపల మడ్డి పేరుకున్న ఇంజిన్‌లో డిటర్జెంట్ ఆయిల్ పోస్తే, మడ్డి పెచ్చులుగా ఊడి పంపు జాలీని మూసేయవచ్చు. చాంబరు విప్పి, జాలీని, ట్యాపెట్ మూతల లోపలి భాగాన్ని చేత్తో శుభ్రం చేసిన తర్వాతే మార్పు చేయాలి. మొదటి రెండు విడతల నూనెను తొందరగా తీసేయాలి. డీజిలో కిరోసినో పోసి ఇంజిన్‌ను కాసేపు తిప్పి కడిగే అలవాటు మన షెడ్లలో ఉంది. మడ్డి ఒక్కసారిగా ఊడటమే కాక, మిగిలిన కిరోసిన్ కొత్త నూనెను పల్చన చేస్తుంది. పాత బేరింగులున్న ఇంజిన్‌కు ఆ పని చేయవద్దు.

ఖనిజ నూనె, సింథటిక్

ఎ.పి.ఐ. మూలనూనెలను ఐదు వర్గాలుగా విభజించింది. మొదటి మూడు ముడిచమురు నుంచి శుద్ధిచేసినవి, నాలుగోది పాలీ ఆల్ఫా ఒలిఫిన్, మిగిలినవన్నీ ఐదో వర్గం. ఎస్టర్లు, ఆముదం ఈ ఐదో వర్గంలోవే. సింథటిక్ ఆయిళ్ళు వేడికి త్వరగా చెడవు, చలిలో బాగా పారుతాయి. వాటిని పాత ఇంజిన్‌లో పోస్తే లోహానికి హాని జరగదు. సమస్య సీళ్ళది. ఖనిజ నూనెలో ఏళ్ళ తరబడి నాని ఉబ్బిన తాడు సీళ్ళు, కార్కు గాస్కెట్లు సింథటిక్ మూలనూనెకు కొంత ముడుచుకోవచ్చు. సందులను మూసి ఉన్న మడ్డి కూడా కరిగిపోయి కారడం మొదలవుతుంది. పైగా పాత ఇంజిన్‌లో పెట్రోలు, తేమ కలిసి నూనెను తొందరగా పాడుచేస్తాయి. ఎంత ఖరీదైన నూనైనా తరచూ మార్చక తప్పదు కాబట్టి, సింథటిక్ దీర్ఘాయువు ఇక్కడ అక్కరకు రాదు. పూర్తిగా విప్పి కొత్త రబ్బరు సీళ్ళు వేసిన ఇంజిన్‌కు మాత్రం అది తగిన ఎంపికే.

డబ్బా మీది గుర్తులు

ఎ.పి.ఐ. గుర్తు గుండ్రంగా ఉంటుంది. మధ్యలో గ్రేడు, పై అంచున సేవా వర్గం, కింది అంచున ఇంధన ఆదాకు సంబంధించిన మాట ఉంటాయి. కింది అంచున ఆ మాట ఉంటే అది పల్చటి, ఫాస్ఫరస్ తగ్గించిన ఆయిలని అర్థం. పాత జారే ట్యాపెట్లకు దాన్ని తీసుకోకూడదు.

‘ఎస్’తో మొదలయ్యే వర్గాలు పెట్రోలు ఇంజిన్లవి, ‘సి’తో మొదలయ్యేవి డీజిలువి. ఈ అక్షరాల పద్ధతి 1970లో వచ్చింది. ఎస్‌ఎ అంటే చేర్పులేవీ లేని నూనె, 1930 తర్వాతి ఇంజిన్లకు పనికిరాదని ఎ.పి.ఐ. హెచ్చరిక. ఎస్‌బికి ఆ హద్దు 1951. ఎస్‌సి 1967 వరకు, ఎస్‌డి 1971 వరకు, ఎస్‌ఇ 1979 వరకు, ఎస్‌ఎఫ్ 1988 వరకు, ఎస్‌జి 1993 వరకు తయారైన ఇంజిన్లకు సరిపోతాయి. ఎస్‌హెచ్ వరకు ఉన్న ఈ వర్గాలన్నిటినీ ఎ.పి.ఐ. రద్దుచేసింది. అయినా ఎస్‌ఎఫ్, ఎస్‌జి అని రాసిన ఆయిళ్ళు బజారులో ఇప్పటికీ కనిపిస్తాయి. పేరున్న కంపెనీదైతే అవి 1960, 70ల ఇంజిన్లకు చక్కగా సరిపోతాయి.

లారీల కోసం తయారైన 15డబ్ల్యూ-40 సిహెచ్-4, సిఐ-4 ఆయిళ్ళను పాత పెట్రోలు కార్లలో వాడేవారు ఎక్కువ. వాటిలో జింకు, డిటర్జెంట్లు దండిగా ఉంటాయి, ప్రతి ఊళ్ళోనూ దొరుకుతాయి. తర్వాతి సిజె-4, సికె-4లలో ఫాస్ఫరస్ 0.12 శాతానికి మించకూడదు, బూడిద శాతానికీ హద్దుంది. డబ్బా మీద డీజిల్ వర్గంతోపాటు ‘ఎస్’ వర్గం కూడా ఉంటేనే పెట్రోలు ఇంజిన్‌కు కొనాలి. నూనె మండించే అరిగిన ఇంజిన్‌లో, ఎక్కువ డిటర్జెంటున్న ఆయిల్ బూడిద ప్లగ్గుల మీద, వాల్వుల మీద పేరుకుంటుంది.

భారతీయ కార్లు

హిందుస్థాన్ అంబాసిడర్ బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టింది. పశ్చిమబెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో 1950ల చివరి నుంచి 2014 వరకు తయారైంది. చాలాకాలం దానికున్నది 1,489 సి.సి. బి.ఎం.సి. బి-సిరీస్ ఓవర్‌హెడ్ వాల్వు ఇంజిన్. దాని ట్యాపెట్లు క్యామ్ మీద జారేవే. 20డబ్ల్యూ-40 గానీ 20డబ్ల్యూ-50 గానీ దీనికి తగిన గ్రేడు. 1990లలో వచ్చిన 1,800 సి.సి. ఇసుజు ఇంజిన్ వేరే నిర్మాణం, దాన్ని ఈ లెక్కలో కలపకూడదు. ముంబయి కుర్లాలో తయారైన ఫియట్ 1100, ప్రీమియర్ పద్మినిలకు ఉన్నది 1,089 సి.సి. ఇంజిన్. దానికీ ఇవే గ్రేడ్లు నడుస్తాయి. మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్, మహీంద్రా జీపుల్లోని విల్లీస్ హరికేన్ ఇంజిన్‌లదీ ఇదే తరహా. దేశంలో నాలుగు మహానగరాల కొత్త కార్లకు కెటలిటిక్ కన్వర్టరు 1995లో తప్పనిసరైంది. అంతకుముందటి కార్లకు ఆ అమరిక లేదు కాబట్టి, ఫాస్ఫరస్ ఎక్కువున్న ఆయిల్ వల్ల వాటికి నష్టమేమీ లేదు.

సీసం లేని పెట్రోలు వల్ల పాత ఇంజిన్లలో వాల్వు సీట్లు అరిగే సమస్య ఆయిల్‌తో తీరదు, గట్టి సీట్లు వేయించాల్సిందే. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. చిన్న చిన్న దూరాలకు నడిపే కారులో ఆ తేమ నూనెలో చేరుతుంది. ఆయిల్ పోసే మూత లోపల తెల్లని మీగడలాంటి పదార్థం కనిపిస్తే అది తేమ గుర్తు. నాలుగైదు కిలోమీటర్లకే ఆపకుండా అరగంటకు పైగా నడిపితే ఆవిరైపోతుంది. అలా నడిపినా పోకపోతే హెడ్ గాస్కెట్ చూపించాలి.

మార్పిడి, నిల్వ

నాటి పుస్తకాల్లో నూనె మార్చే గడువు మామూలుగా 1,000 నుంచి 3,000 మైళ్ళు. తక్కువ తిరిగే కారుకు దూరం కన్నా కాలం ముఖ్యం, కనీసం ఏడాదికోసారి మార్చాలి. నెలల తరబడి నిలిపేసే కారుకు నిలపడానికి ముందే కొత్త నూనె పోయడం మంచిది. వాడిన నూనెలోని ఆమ్లాలు, తేమ బేరింగు లోహాన్ని నిలువ ఉన్నప్పుడే తింటాయి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం నాటి రోల్స్‌రాయిస్ వంటి ప్రదర్శన కార్లకు అరుగుదల కంటే తుప్పే పెద్ద శత్రువు.

నూనె స్థితిని ఇంట్లోనే తెలుసుకోవచ్చు. వేడి ఇంజిన్ నుంచి కడ్డీతో ఒక చుక్క తీసి తెల్లని వడపోత కాగితం మీద వేయాలి. కొన్ని గంటల్లో అది వలయాలుగా పాకుతుంది. మచ్చ మధ్య నుంచి అంచుదాకా క్రమంగా లేతబడితే నూనె ఇంకా మురికిని మోయగలుగుతున్నట్టు. నడుమ నల్లని ముద్ద మిగిలి చుట్టూ పల్చని నూనె మరక మాత్రమే పాకితే డిస్పర్సెంట్ల పని అయిపోయినట్టు. కడ్డీ వాసనలో పెట్రోలు ఘాటు తగిలితే కార్బురేటరు సరిచేయించాలి. డ్రెయిన్ నట్టు విప్పినప్పుడు అడుగున వెండిరంగు పొడి కనిపిస్తే బేరింగులు అరుగుతున్నాయి.

వాడిన ఇంజిన్ ఆయిల్ భారత చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం. 2016 నాటి నియమాల కింద దాన్ని అనుమతి పొందిన రీసైక్లింగు సంస్థలకే ఇవ్వాలి. తీసిన నూనెను మూతున్న డబ్బాలో పోసి, దాన్ని సేకరించే సర్వీసు స్టేషనుకు అప్పగించండి. మురుక్కాలువలో గానీ పెరట్లో గానీ పారబోయకండి.